బాదం చెట్టు కింద చోటు

నవంబరు 4, సోమవారం

పాస్టరమ్మగారు మహిళా కూటంలో అందరికీ తలా ఒక డైరీ పంచింది. రోజుకో కృతజ్ఞత రాసుకోవాలట, దేవుడు చేసిన మేలు ఏదో ఒకటి. మా అన్న భార్య లేమారా వదిన మొదటి పేజీలో సబ్బు, అగ్గిపెట్టె, పామాయిలు అని రాసేసింది. అదేమిటని అడిగితే, అవి ఇంట్లో ఉంటే దేవుడు మేలు చేసినట్టే కదా అంది.

నేను మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. ఎవరు చదువుతారు గనక.

ఇవాళ్టి కృతజ్ఞత: ఓడ రాలేదు.

నవంబరు 6, బుధవారం

ఓడ వచ్చింది.

ఈ చివర తుమ్మితే ఆ చివరివాళ్లు చిరంజీవ అనేటంత ఉంటుంది మా చిన్న దీవి. దాని మీద రెండు వేలమంది విహారయాత్రికుల్ని దింపారు. ఇసుక కనపడలేదు, అన్నీ తువ్వాళ్లే. తువ్వాలు పరిచి, దాని మీద చెప్పులు పెట్టి, ఇది మాది అనుకుని నీళ్లలోకి పోతారు. తిరిగి వచ్చేసరికి ఆ చెప్పుల పక్కన వేరేవాళ్ల కాళ్లుంటాయి. నీళ్లలోనూ అదే వరస. నడుములోతులో నిలబడి ఒకరి వీపు ఒకరు చూసుకుంటారు. ఒకావిడ వచ్చి నా బుట్ట మీద కూర్చుంది. అందులో నా మధ్యాహ్నం తిండి ఉంది. లేవమ్మా అంటే, ఈ కుర్చీ మీదా అని అడిగింది. దిగుడు వంతెన దగ్గర ఓడ కంపెనీవాళ్లు పెట్టిన బోర్డు మీద మాత్రం, ‘మీ సొంత దీవి, మీ ఏకాంతం’ అని ఉంది.

ఈ రద్దీలో ఊపిరాడే చోటు ఒక్కటే, బాదం చెట్టు మూల. మేం జడలల్లే ఆడవాళ్లం అక్కడే చాపలు వేసుకుంటాం. లుంగీ గుడ్డలమ్మే వదిన కూడా అక్కడే. మధ్యాహ్నం తిండి అక్కడే. కంపెనీ రాకముందు మా అత్తగారు కూడా ఈ దీవికి పీతల కోసం వచ్చినప్పుడు ఆ చెట్టు కిందే కునుకు తీసేది.

ఇవాళ క్రెయిగ్ వచ్చాడు. కంపెనీ తరఫున దీవిని చూసుకునే మేనేజరు, బ్రిస్బేన్ మనిషి. చెడ్డవాడు కాదు. మా భాష మాట్లాడతాడు గానీ, వింటుంటే పంటి కింద రాయి పడ్డట్టుంటుంది.

“అమ్మలూ, సంతోషం వార్త. డిసెంబరు వచ్చింది, రెండు ఓడ, ఒక రోజు. చాలా మనిషి. చాలా జడ.”

“అంతమందికి చోటేదీ?” అన్నాను.

“చోటు నేను చేస్తాను. ఈ చెట్టు కింద పడక కుర్చీ వస్తుంది. అమ్మలు అక్కడ.”

చెయ్యి చూపించిన వైపు మరుగుదొడ్ల వెనక గోడ ఉంది.

“అక్కడ నీడ లేదు బాబూ” అంది వదిన.

“వాసన ఉందిగా వదినా, సరిపెట్టుకుందాం” అన్నాను.

క్రెయిగ్‌కి వెటకారం తెలియదు. నేను ఒప్పుకున్నాననుకుని దండం పెట్టి వెళ్లిపోయాడు.

తినే వేళకి కల్మెట్ బావ వచ్చాడు. వదినకి సొంత అన్న, మమ్మల్ని ఊరి నుంచి దీవికి పడవలో దాటించే మనిషి. అతని గురించి రాయడానికి ఏమీ లేదు. అరటికాయ తురుము ఆకుల్లో చుట్టి కొబ్బరిపాలలో ఉడికించిన నా సింబోరో చుట్టలు రెండు తిన్నాడు, కొబ్బరిపాలు తక్కువయ్యాయన్నాడు, మూడోది కూడా తిన్నాడు.

“తక్కువైతే ఎందుకు తింటున్నావ్?”

“పారేస్తే నువ్వు బాధపడతావని, మరదలా.”

ఆస్ట్రేలియాలో మూడేళ్లు టమాటాలు కోసి వచ్చాడు. అక్కడ నేర్చుకొచ్చింది ఈ నోరొకటే.

ఇవాళ్టి కృతజ్ఞత: తర్వాత రాస్తాను.

నవంబరు 10, ఆదివారం

గుడిలో ప్రార్థన అయ్యాక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. మా ఊరి జీఫ్, అంటే ఊరిపెద్ద. పోయిన మా ఆయనకి పెదనాన్న, నాకు మావయ్య. దీవిని కంపెనీకి కౌలుకిస్తూ వేలిముద్ర వేసింది ఆయనే.

“మావయ్యా, మా చెట్టు తీసేసుకుంటున్నారు.”

“చెట్టు ఎక్కడికి పోతుందమ్మా?”

“చెట్టు పోదు. మేం పోతాం, దొడ్ల వెనక్కి.”

కౌలు కాగితంలో నీడ గురించి రాయలేదన్నాడు. ఆలోచిస్తానన్నాడు. ఆయన ఆలోచించడమంటే ఏమిటో నాకు తెలుసు. నేను మెట్లు దిగకముందే గురక వినపడింది.

నాకు ఆ చెట్టు కావాలి. ఎండలో కూర్చుని జడలల్లితే వేళ్లకి చెమట పట్టి జుట్టు జారిపోతుంది. అందుకే కావాలి. ఇంకే కారణమూ లేదు. పైగా కల్మెట్ బావలాంటివాళ్లకి కూడా కూర్చుని తినడానికి ఒక చోటుండాలి కదా. అతననే కాదు, అందరికీ.

నవంబరు 12, మంగళవారం

ఇవాళ నేను దీవికి వెళ్లలేదు. నడుం నొప్పి. రోజంతా ఇంట్లోనే పడుకున్నాను.

ఇవాళ్టి కృతజ్ఞత: సముద్రం మీద అలలు లేవు.

నవంబరు 13, బుధవారం

పొద్దున పడవ దిగేసరికి బాదం చెట్టు మూలకి అడ్డంగా నమెలె చెట్టు మట్టలు కట్టి ఉన్నాయి. రెండు మట్టలు ఒకదాని మీదొకటి, మా దేశం జెండా మీద ఉన్నట్టే. ఎవరు కట్టారో.

నమెలె కట్టారంటే కట్టారంతే. ఆ గీత దాటి మావాళ్లెవరూ అడుగు పెట్టరు. చేపల మీద కడితే చేపలు పట్టరు, కొబ్బరితోపుకి కడితే రాలిన కాయ కూడా ముట్టరు. రాజధాని విలాలో గవర్నమెంటు ఆఫీసుకి కడితే మంత్రిగారు కూడా బయట ఎండలో నిలబడాల్సిందే. ఇక ఆ మూలలో కంపెనీ కుర్చీలు వేసే మొనగాడు ఎవడూ ఉండడు. కట్టినవాళ్లెవరో తెలివైనవాళ్లే అనుకున్నాను.

కుర్చీలు మోసేవాళ్లు మట్ట చూసి కుర్చీలు అక్కడే దించేశారు. చెత్త ఎత్తే ఆవిడ చీపురు వెనక్కి తిప్పింది. శీతల పానీయాల బండివాడు బండి మళ్లించాడు. అంతా బాగుంది. వదిన నా చెయ్యి పట్టుకుంది. “పద వదినా, దొడ్ల వెనకే కూర్చుందాం, ఇంక గతి లేదు.”

నేను కదల్లేదు. అప్పుడు తట్టింది. మట్ట మావాళ్లందరికీ అడ్డం. మావాళ్లలో నేనూ ఉన్నాను.

ఈలోగా ఓడ జనం వచ్చారు. వాళ్లకేం తెలుసు. ఆకులు కదా అని వంగి, వాటి కిందినుంచి దూరి లోపలికి పోయారు. చెట్టు కింద మేం లేం, చాపలు లేవు, బుట్టలు లేవు. ఇంత నీడ ఖాళీగా ఉందని ఒకళ్లనొకళ్లు కేకలేసి పిలుచుకున్నారు. కాసేపట్లో ఆ మూల అరటి గెలలా గుత్తులు గుత్తులుగా నిండిపోయింది. ఒకావిడ తడిసిన ఈత బట్టలు తెచ్చి నమెలె మట్ట మీద ఆరేసింది. వదిన కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది.

రోజంతా దొడ్ల గోడ పక్కన ఎండలో కూర్చున్నాను. కట్టినవాళ్లు తెలివైనవాళ్లని ఎందుకు రాశానో తెలియదు. కట్టినవాళ్లు వట్టి మూర్ఖులు.

కల్మెట్ బావ పడవలోనే కూర్చుని బిస్కెట్లు తిన్నాడట. నాకెందుకు.

నవంబరు 14, గురువారం

ఊరంతా సభ ఇంటి ముందు చేరింది. నమెలె కట్టే హక్కు జీఫ్‌ది. విప్పే హక్కూ ఆయనదే. ఇంకెవరైనా కడితే పంది ఇచ్చుకోవాలి, అందరి ముందూ తల వంచుకోవాలి. నా దగ్గర కోళ్లే ఉన్నాయి. ఊరికే రాస్తున్నాను, నాకేం సంబంధం లేదు.

నేను వెనక నిలబడ్డాను.

పెద్దాయన నోరు తెరవకముందే ఆడవాళ్లు మొదలుపెట్టారు. “మా జీఫ్ మా మొర విన్నాడు.” “నిద్రపోతున్నాడనుకున్నాం, ఆలోచిస్తున్నాడన్నమాట.” ఎవరో మెడలో పూలదండ కూడా వేశారు.

పెద్దాయన దండ సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. నా వైపు చూశాడో, నా వెనకున్న కోడిని చూశాడో తెలియదు.

“అవును” అన్నాడు. “నేనే కట్టాను.”

ఇవాళ్టి కృతజ్ఞత: ముసలాళ్లకి పొగడ్తంటే ఉన్న ఇష్టం.

నవంబరు 20, బుధవారం

పడవలో కల్మెట్ బావ పక్కన చోటు మిగిలితే కూర్చున్నాను. వేరే చోట్లు కూడా ఖాళీ ఉన్నాయి, కానీ అక్కడ నీళ్లు చిందుతాయి.

“పెద్దాయనకి జడలల్లడం ఎప్పుడొచ్చింది మరదలా?” అన్నాడు.

“ఏం జడ?”

“ఆ మట్టలు కట్టిన తాడు. మూడు పాయలు, చివర ఎర్ర దారం, దాని మీద వెనక్కి మడిచి వేసిన ముడి. మా చెల్లి కూతురి జుట్టుకి అచ్చం అలాగే వేస్తారెవరో.”

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. పాతికేళ్లుగా వేసే ముడి. తాడు చేతికొస్తే నా వేళ్లు ఇంకోలా ముడి వెయ్యవు. ఆ వేళ తొందరలో వాటికి ఏం చేస్తున్నాయో కూడా తెలియలేదు.

ఒప్పుకున్నట్టు రాశానా. సరే, రాశాను. నేనే కట్టాను. నడుం నొప్పి అబద్ధం. పట్టపగలు దోనె వేసుకుని ఒక్కదాన్నీ వెళ్లాను.

“ఎవరికైనా చెప్పావా?” అన్నాను.

“చెబితే పందడుగుతారు. నీ దగ్గర పంది లేదు.”

నీళ్లు అక్కడ కూడా చిందాయి.

నవంబరు 27, బుధవారం

ఆ మూలకి మావాళ్లెవరూ పోకపోవడంతో అక్కడ చెత్త మోకాళ్లెత్తు పేరుకుంది. ఓడ జనం గొడవ చేస్తున్నారు. పానీయం రాదు, కుర్చీ రాదు, ఎంగిలి కప్పు తీసేవాళ్లు లేరు. అయినా నీడ వదలరు. ఒకాయన ఆ నీడ కోసమే పొద్దున మొదటి పడవలో వచ్చి, ఆకలేసినా లేవకుండా కూర్చున్నాడు.

క్రెయిగ్ నా దగ్గరికి వచ్చాడు. ముఖం ఎండకి పీతలా ఎర్రబడింది.

“లేవియా అమ్మ, ఆకు ఎవరు తీస్తుంది?”

“జీఫ్ తీస్తాడు.”

“జీఫ్ ఆలోచిస్తాను అంది.”

“అయితే చాలాసేపు పడుతుంది.”

డిసెంబరు 4, బుధవారం

సింబోరో చుట్టలు మూడు మిగిలిపోయాయి. కోళ్లకి వేశాను. కొబ్బరిపాలు ఎక్కువే పోశాను ఈసారి.

డిసెంబరు 11, బుధవారం

నవ్వాలో భయపడాలో తెలియడం లేదు. రాసేస్తాను.

రెండు ఓడలు ఒకే రోజు వచ్చాయి. వాటిని చూస్తే మా కొండ చిన్నబోయింది. పొద్దెక్కేసరికి దీవి మీద కాలు దించితే ఎవరి కాలో తగిలింది. సాసేజీల వరస మరుగుదొడ్ల వరసతో కలిసిపోయింది. చాలామంది తెలియక అందులో నిలబడి, చివరికి వచ్చాక ఒకదానికి బదులు ఇంకొకటి చూసి తిట్టుకున్నారు. నీళ్లలో ఒకతను ఈత కొట్టబోయి ఇద్దరి మధ్య ఇరుక్కున్నాడు. జడ వేయించుకుంటున్న పిల్ల తల మీద ఎవరో తెలియక చెయ్యి ఆనించి చెప్పులు తొడుక్కున్నారు.

అప్పుడు వాన పట్టుకుంది. జనమంతా బాదం చెట్టు మూలకి దూసుకుపోయారు. ఆ తోపులాటలో నమెలె తాడు సాగింది గానీ తెగలేదు. నా ముడి కదా. ఒకడు మాత్రం పైమట్ట చివర విరిచి, గొడుగులా నెత్తిన పెట్టుకుని ఫొటో దిగాడు.

దిగుడు వంతెన దగ్గర ఓడ పడవలకి తాడు అందుకునేది మావాళ్లే. అది చూసి వాళ్లందరూ తాళ్లు కిందపడేశారు. కల్మెట్ బావ ముందు పడేశాడని వదిన చెప్పింది. ఎవరూ కేకలు వెయ్యలేదు, ఎవరినీ తిట్టలేదు. వెళ్లి ఇసుకలో వరసగా కూర్చున్నారు. తాడు అందుకునేవాడు లేక పడవలు వంతెన చుట్టూ తిరిగాయి. ఓడలు రెండూ హారన్లు కొట్టాయి. దీవి మీద రెండు ఓడల జనం, వాన, ఒక్క బాదం చెట్టు.

క్రెయిగ్ తడిసి ముద్దై నా ముందుకొచ్చాడు.

“అమ్మ, చెప్పు. ఏం ఇస్తే ఆకు పోతుంది?”

ఇతని మీద మొదటిసారి జాలేసింది. “పెద్దాయన దగ్గరికి పంది తీసుకుని వెళ్లు బాబూ. కావా దుంపలు, చాపలు కూడా. చేతులు కట్టుకుని అడుగు. చెట్టు మూల ఆడవాళ్లదని అందరి ముందూ చెప్పు. బాగా పెద్ద పంది.”

“పంది ఎక్కడ దొరుకుతుంది?”

“సూపర్‌మార్కెట్లో మాత్రం కాదు.”

కల్మెట్ బావ పడవలోనే క్రెయిగ్ ఊళ్లోకి వెళ్లాడు. శనివారం పంది తెస్తానని, చెట్టు జోలికి రానని పెద్దాయనకి మాటిచ్చి వచ్చాడు. అప్పుడు మావాళ్లు లేచి తాళ్లు అందుకున్నారు. చెట్టు మాకు వచ్చేసినట్టే. హాయిగా నిద్రపోవాలి. కానీ శనివారం పెద్దాయన అందరి ముందూ మట్ట విప్పాలి కదా, ఆ ముడి విప్పాలి కదా, అన్న సంగతి ఇప్పుడే గుర్తొచ్చింది.

డిసెంబరు 14, శనివారం

దీవి మీదే పంచాయితీ. ఓడ లేదు, ఊరు ఊరంతా వచ్చింది. క్రెయిగ్ పంది తెచ్చాడు, మెడలో తాడు వేసి, కుక్కని తిప్పినట్టు నడిపించుకుంటూ. చెట్టు మూల అమ్మలదని, పడక కుర్చీ రాదని మా భాషలో తప్పులతో చెప్పాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దాయన కావా దుంపల రసం తాగి, చేతులు కడుక్కుని చెట్టు దగ్గరికి వెళ్లాడు.

ముడి పట్టుకున్నాడు. లాగాడు. తిప్పాడు. గోటితో గీరాడు. ఎర్ర దారం కొస పళ్లతో కూడా పట్టుకున్నాడు, ఆయనకి ఉన్నవే కాసిని పళ్లు. నాకు భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

పెద్దాయన వెనక్కి తిరిగాడు.

“లేవియా, ముసలి వేళ్లమ్మా నావి. నువ్వొచ్చి విప్పు.”

నేను నడిచాను. వదిన నోటి మీద చెయ్యేసుకుంది. ఆ ముడి తన కూతురి నెత్తిన రోజూ చూసే మనిషి. అర్థమైపోయింది. ఒకరి తర్వాత ఒకరికి అర్థమైపోతుంటే ఆ గుసగుస నా వీపు మీద పాకింది.

“మావయ్యా, మీకు ముందే తెలుసా?” అని గొణిగాను.

“నా మనవరాలికీ నువ్వేగా జడ వేసేది, ఆ ముడి నాకు తెలీదా?”

“మరి మీరే కట్టానని ఎందుకన్నారు?”

“ముందు దండ వేశారుగా, అందుకని. తర్వాత పంది వస్తుందనిపించింది.” ఆ తర్వాత గొంతు పెంచాడు. “హక్కు లేకుండా నమెలె కట్టినవాళ్లు పంది ఇచ్చుకోవాలి. కోడలైనా సరే, కంపెనీ అయినా సరే. నీ దగ్గరుందా?”

“కోళ్లున్నాయి” అన్నాను.

“నా దొడ్లో ఒకటుంది” అన్నారెవరో.

కల్మెట్ బావ. చేతులు వెనక్కి కట్టుకుని, పాస్టరుగారి ముందు నిలబడ్డ పెళ్లికొడుకులా నిలబడ్డాడు.

పెద్దాయన అతన్ని పైనుంచి కింది దాకా చూశాడు. “ఇది మా ఇంటి కోడలు. దీని జరిమానాకి నీకేం సంబంధం?”

“అదే అడుగుదామని చాన్నాళ్లుగా చూస్తున్నా.”

“మీ అమ్మ ఏ వంశం?”

“కొబ్బరి వంశం.” మాలో ఒకే వంశంవాళ్లు పెళ్లి చేసుకోకూడదు.

“లేవియాది చేమ వంశం” అంది వదిన, ఎవరూ అడక్కపోయినా నా తరఫున. “అడ్డం లేదు. నేను వీళ్లన్నని చేసుకున్నప్పుడే చూశారుగా.”

“మా కోడలి తరఫున పరాయి వంశంవాడు మా ఇంటికి పంది తోలుకొస్తే, దాన్ని జరిమానా అనరు. తెలుసా?”

“తెలుసు.”

“తెలిసే అంటున్నావా?”

“తెలిసే. కాకపోతే పంది కాస్త బక్కది. ముందే చెప్తున్నా, తర్వాత మాట రాకూడదు.”

అప్పుడు నవ్వారు ఊరంతా. క్రెయిగ్‌కి ఏమీ అర్థం కాక, అతనూ నవ్వాడు.

పెద్దాయన నా వైపు తిరిగాడు. ఆరేళ్ల క్రితం మా ఆయన్ని మట్టిలో పెట్టిన రోజు తర్వాత ఆయన నన్ను అంత మెత్తగా చూడడం ఇదే. “పంది తీసుకోమంటావా అమ్మా, వద్దంటావా? నువ్వు చెప్పాలి.”

“ముందు ముడి విప్పనివ్వండి” అన్నాను.

ఆ ముడి నేను రెండు వేళ్లతో, చూడకుండా విప్పగలను. కానీ చాలాసేపు విప్పాను. నా కళ్లు ఆరేదాకా విప్పాను. నేను ఇన్నాళ్లూ కొట్లాడింది నీడ కోసం కాదు. ఆ మాట ఇక్కడ రాస్తున్నాను, ఒక్కసారే, మళ్లీ రాయను.

మట్టలు పెద్దాయన చేతిలో పెట్టి, “బక్కదైనా పర్లేదు, మేపుకుందాం” అన్నాను.

డిసెంబరు 18, బుధవారం

ఓడ వచ్చింది. చెట్టు మూలకి క్రెయిగ్ తాడు కట్టించాడు, ‘అమ్మలు మాత్రమే’ అని బోర్డు పెట్టించాడు. ఓడ జనం ఎవరూ దూరలేదు. మధ్యాహ్నం కల్మెట్ వచ్చి పక్కన కూర్చుని, సింబోరో చుట్ట విప్పి, కొబ్బరిపాలు ఎక్కువయ్యాయన్నాడు.

తలెత్తి చూస్తే వదిన, ఆమె కూతురు, చెత్త ఎత్తే ఆవిడ, పానీయాల బండివాడు, తాళ్లు అందుకునేవాళ్లు అందరూ, ఆఖరికి పాస్టరమ్మగారు కూడా. మేం తింటుంటే చూడడానికని వచ్చి, తాడు లోపల ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ నిలబడ్డారు. కాలు చాపుకోవడానికి చోటు లేదు. అందరూ మావాళ్లే, ఆపడానికి ఏ ఆకూ లేదు.

“ఇక్కడ కూడా రద్దీయేనా” అన్నాడు కల్మెట్.

“రేపు వేరే చోటు చూద్దాం” అన్నాను. “నీ పడవుందిగా.”

పెద్దాయన దొడ్లో రెండు పందులూ కలిసే మేస్తున్నాయి. కంపెనీ పంది మా పందిని దగ్గరికి రానివ్వడం లేదని వదిన చెప్పింది. రేపు వెళ్లి చూడాలి.

ఇవాళ్టి కృతజ్ఞత: పంది. బక్కది.